తపస్సు కాలంలో మన విచారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే కేథలిక్ గుడి, దాని ఊళ్ళు, గుంటూరు జిల్లాలో మిర్చి పొలాల మధ్య ఉంది. ఆదివారం పూట పిల్లలకు సత్యోపదేశం చెప్పడం నా పని. కొన్నేళ్ళుగా సలహా మండలిలో కూడా ఉన్నాను. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల కాలమే తపస్సు కాలం, అది విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ రోజు దగ్గరపడుతుంటే మొదలవుతాయి ఫోన్లు. కొన్ని ప్రశ్నలు పెద్దవాళ్ళవి, కొన్ని కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళవి, కొన్ని హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉండి ఇంటి అలవాట్లు మర్చిపోకూడదనుకునే పిల్లలవి. ఫాదర్ గారిని అడగడానికి మొహమాటపడి నన్ను అడుగుతారు. ఏటా చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాశాను.

తపస్సు కాలం నలభై రోజులంటారు. క్యాలెండర్‌లో లెక్కపెడితే 46 వస్తున్నాయేమిటి?

ఆదివారాలు లెక్కలోకి రావు. ప్రతి ఆదివారం ప్రభువు పునరుత్థానాన్ని గుర్తుచేసుకునే రోజు కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండదు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు శనివారం దాకా 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. పూజా క్రమం ప్రకారం అయితే ఈస్టర్ ముందు వచ్చే పెద్ద గురువారం సాయంత్రం ప్రభువు భోజన పూజ మొదలయ్యేసరికి తపస్సు కాలం ముగిసి, మూడు పవిత్ర దినాలు మొదలవుతాయి.

ఈస్టర్ చంద్రుణ్ణి బట్టి మారుతుంది కాబట్టి ఇదీ మారుతుంది. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చాయి. 2027లో బాగా ముందుకు జరిగి విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న పడుతున్నాయి. గుణదల మాత తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కదా, అంటే సరిగ్గా తిరునాళ్ళ నడిమి రోజే విభూది బుధవారం. ఆ ఏడాది గుణదల కొండకు వెళ్ళేవాళ్ళు ఇప్పటినుంచే గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఒక్కపొద్దు, మాంసం ఉండదు. బస్సు దిగగానే బిరియానీ హోటల్ వైపు నడవకండి.

నుదుట పెట్టే విభూది ఎక్కడినుంచి వస్తుంది?

నిరుటి మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు మంత్రించి ఇచ్చిన మట్టలనుంచి. మీ ఇంట్లో యేసు తిరుహృదయం పటం వెనకాల దోపి పెట్టిన ఎండు మట్టల సిలువ ఉంటుంది చూడండి, అదే. విభూది బుధవారానికి ముందు ఆదివారం వాటిని గుడికి తెమ్మని చెబుతాం. పిల్లలు సంచుల్లో తెస్తారు. కొన్ని ఏడాదిపాటు అగరొత్తుల పొగ పట్టి నల్లబడి ఉంటాయి, కొన్నింటిని బల్లి గూడు చేసుకుని ఉంటుంది. మంగళవారం సాయంత్రం గుడి వెనక ఒక పాత ఇనుప మూకుట్లో వేసి కాలుస్తాం. ఎండిన ఈతాకు ఒక్కసారిగా భగ్గున మండి వెంటనే ఆరిపోతుంది. ఒక గోనెసంచి నిండా తెచ్చినా చివరికి మిగిలేది చారెడు బూడిద. చల్లారాక పలచని నూలుగుడ్డలో వేసి జల్లిస్తే పుల్లలు, ఈనెలు పోయి మెత్తటి పొడి దిగుతుంది. పిల్లల్ని పక్కన నిలబెట్టుకునే చేస్తాను. మనిషి మట్టిలో కలిసిపోతాడన్న మాట వాళ్ళకు వేరే పాఠంగా చెప్పాల్సిన అవసరం రాదు.

విభూది పెడుతూ ఫాదర్ గారు రెండు వాక్యాల్లో ఏదో ఒకటి చెబుతారు. నీవు మట్టివి, మట్టికే తిరిగిపోతావు అన్నది ఆదికాండం 3వ అధ్యాయంలోది. హృదయం మార్చుకుని సువార్తను నమ్మండి అన్నది మార్కు సువార్త 1వ అధ్యాయంలోది.

మా ఇంట్లో అందరూ కేథలిక్కులు కారు. వాళ్ళూ విభూది పెట్టించుకోవచ్చా?

నిరభ్యంతరంగా. విభూది జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారం కాదు, పశ్చాత్తాపానికి గుర్తు. ఎవరైనా వరసలో నిలబడవచ్చు. మా ఊళ్ళో పక్క వీధి హిందూ కుటుంబాల పెద్దవాళ్ళు కూడా వచ్చి పెట్టించుకుంటారు. విభూది అనే మాట వాళ్ళకు కొత్త కాదు కదా, నుదుట దాని రూపం మాత్రమే వేరు. పూజలో పంచే అప్పం, దివ్య సత్ప్రసాదం సంగతి అలా కాదు, అది జ్ఞానస్నానం పొంది, సిద్ధపడిన కేథలిక్కులకే. మిగతావాళ్ళు చేతులు జోడించుకుని వస్తే ఫాదర్ గారు ఆశీర్వదిస్తారు. ఈ ఒక్క విషయం ఇంటి దగ్గరే మెల్లగా చెప్పి తీసుకురండి, వరసలో చెబితే మనసు నొచ్చుకుంటుంది.

ఒక్కపొద్దు ఎవరు ఉండాలి? ఏయే రోజులు?

తప్పనిసరిగా ఉండాల్సినవి రెండే రోజులు: విభూది బుధవారం, పెద్ద శుక్రవారం. 18 ఏళ్ళు నిండినవాళ్ళనుంచి 59 ఏళ్ళు నిండేదాకా ఈ నియమం. రోజుకు ఒక పూట కడుపునిండా భోజనం, కావాలంటే మిగతా రెండు పూటలా కొద్దిగా ఏదైనా తీసుకోవచ్చు. మాంసం మానడం మాత్రం 14 ఏళ్ళు నిండిన అందరికీ, దానికి పైవయసు పరిమితి లేదు. విభూది బుధవారం, తపస్సు కాలంలో వచ్చే శుక్రవారాలన్నీ మాంసం ఉండదు.

మన ఊళ్ళలో చాలామంది ఇంతకంటే ఎక్కువే చేస్తారు. నలభై రోజులూ నీచు ముట్టని ఇళ్ళున్నాయి. గడ్డం తీయకుండా, చెప్పులు లేకుండా తిరిగే మగవాళ్ళున్నారు. శ్రీసభ, అంటే మన కేథలిక్ సంఘం, ఇవేవీ అడగదు, వద్దనీ అనదు. కానీ ఒక మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇది మిర్చి కోతల కాలం. పొద్దున ఆరింటికే ఆటో ఎక్కి పొలానికి పోయి, మండుటెండలో ఘాటు పీలుస్తూ సాయంత్రం దాకా కాయ కోసే ఆడవాళ్ళు ఆ రెండు రోజులు కాక మిగతా రోజుల్లోనూ ఖాళీ కడుపుతో ఉండాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఇంట్లో మగవాళ్ళు ఈ నలభై రోజులు మందు మాని, ఆ డబ్బు భార్య చేతికి ఇస్తే అది ఏ ఉపవాసానికీ తీసిపోదు. మా విచారణలో అలా మొదలుపెట్టి ఈస్టర్ తర్వాత కూడా ముట్టనివాళ్ళు నాకు తెలుసు.

నాకు షుగర్ ఉంది. మందు వేసుకుని తినకపోతే కళ్ళు తిరుగుతాయి. పాపమా?

కాదు. జబ్బుపడినవాళ్ళకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఒక్కపొద్దు లేదు. మీరు వేళకు తిని, మందు వేసుకోండి. ఏదైనా చేయాలనిపిస్తే టీవీ సీరియల్ ఒకటి మాని ఆ అరగంట జపమాల చెప్పుకోండి.

శుక్రవారం చేపలు, గుడ్లు తినొచ్చా?

తినొచ్చు. నియమం మాంసానికే. చేపలు, గుడ్లు, పాలు, పెరుగు అందులోకి రావు. అయితే శుక్రవారం కదా అని కొర్రమీను పులుసు, రొయ్యల వేపుడు వండుకుంటే కోడికూర కంటే ఖర్చు ఎక్కువ, అందులో తపస్సు ఎక్కడుంది? గోంగూర పచ్చడి, మజ్జిగతో ఆ రోజు గడపండి.

మరో సంగతి. శుక్రవారం నాడు మహోత్సవం, అంటే పెద్ద స్థాయి పండుగ, వస్తే మాంసం నియమం ఉండదు. మార్చి 19, యేసు పెంపుడు తండ్రి పునీత జోజప్పగారి పండుగ, 2027లో శుక్రవారమే పడింది. అదే ఏడాది మార్చి 25, మరియమ్మకు దేవదూత కబురు తెచ్చిన మంగళవార్త పండుగ, పెద్ద గురువారంతో కలిసింది కాబట్టి దాన్ని ఏప్రిల్ 5కు జరుపుతారు.

గుప్పెడు బియ్యం అంటే ఏమిటి? డబ్బు ఇస్తే సరిపోదా?

రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం. మా అమ్మ ఒక పాత బోర్న్‌విటా డబ్బా ఉంచేది, మూతమీద సుద్దతో సిలువ గుర్తు. నలభై గుప్పెళ్ళయితే రెండు కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. ఒక ఇంటికి అది చిన్న లెక్క. రెండొందల ఇళ్ళు పెడితే నాలుగు క్వింటాళ్ళు. మ్రానికొమ్మల ఆదివారం నాడు గుడిలో గోతాల్లో పోసి, ఒంటరి ముసలివాళ్ళకు, ఇంటి మగదిక్కు పోయినవాళ్ళకు పంచుతాం. కేథలిక్కులా కాదా అని చూడం.

డబ్బు కూడా ఇవ్వండి. తపస్సు కాలంలో కారితాస్ ఇండియా పేరున తీసే కానుక ఉంటుంది, పెద్ద శుక్రవారం కానుక ప్రభువు పుట్టి పెరిగిన దేశంలోని శ్రీసభకు వెళుతుంది. కానీ గుప్పెడు బియ్యం మానకండి. కవర్లో వంద రూపాయలు పెట్టడం ఒక్కసారితో అయిపోతుంది. ఇది రోజూ, పొయ్యి దగ్గర, మన అన్నంలోంచి మనమే తీయాలి. పిల్లలతో తీయించండి. పక్కింటి ముసలమ్మకు అన్నం ఉందా లేదా అన్న ఆలోచన ఆ చేతికి అలవాటవుతుంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు దానం, ప్రార్థన, ఉపవాసం మూడూ చెప్పాడు, విభూది బుధవారం చదివేది అదే. మనవాళ్ళు ఉపవాసం బాగా పట్టుకున్నారు, ప్రార్థనా పట్టుకున్నారు. దానం దగ్గరికొచ్చేసరికి చేయి ముడుచుకుంటుంది. అందుకే దీనిమీద ఇంత రాశాను.

వీధిలో సిలువ మార్గం జరపాలంటే ఏమేం చూసుకోవాలి?

సిలువ మార్గమంటే ప్రభువు సిలువ మోసిన దారిని స్థలం స్థలానికి ఆగి ప్రార్థిస్తూ తలచుకోవడం. గుడి గోడలమీద ఆ పద్నాలుగు స్థలాల పటాలు ఉంటాయి. యెరూషలేములో ప్రభువు నడిచిన దారిని యాత్రికులు నడిచేవాళ్ళు, అక్కడిదాకా పోలేనివాళ్ళ కోసం ఫ్రాన్సిస్కన్ సభ గురువులు దీన్ని ఊరూరా వ్యాప్తి చేశారు. స్థలాలు పద్నాలుగని 1731లో 12వ క్లెమెంట్ పోపుగారు స్థిరపరిచారు.

మా దగ్గర శుక్రవారం రాత్రి ఏడున్నరకు మొదలుపెడతాం. కోతలకు పోయినవాళ్ళు వచ్చి, స్నానం చేసి, పిల్లలకు రెండు ముద్దలు పెట్టేసరికి ఆ వేళవుతుంది. అంతకుముందు పెడితే ఖాళీగా ఉన్నవాళ్ళే వస్తారు. ఒక్కో వారం ఒక్కో పేట. పద్నాలుగు ఇళ్ళు ముందే చెప్పుకుంటాయి. ప్రతి ఇంటి ముందు ఒక పీట, దానిమీద ఉతికిన తెల్లదుప్పటి, ఆ స్థలం పటం, రెండు కొవ్వొత్తులు. గాలికి కొవ్వొత్తి ఆరకుండా వాటర్ బాటిల్ సగానికి కోసి చుట్టూ పెడతారు. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ఉంటుంది, ఆ తడి నేలమీదే అందరూ మోకరిస్తారు.

పెద్ద సిలువను ఒక్కరే మోయకూడదు, స్థలం స్థలానికి భుజం మారాలి. ఐదో స్థలం దగ్గర, కురేనియా సీమోను సిలువ మోసిన చోట, ఊళ్ళో కూలికి వచ్చినవాళ్ళనో, గుడికి రావడం మానేసినవాళ్ళనో పిలిచి సిలువ ఇస్తాం. ఆరో స్థలం, వెరోనికమ్మ ప్రభువు ముఖం తుడిచిన చోట, ఆడవాళ్ళే చదువుతారు. కర్నూలు వైపునుంచి కాయ కోతకు వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకున్న కుటుంబాల్లో మన విశ్వాసులు చాలామంది ఉంటారు. వాళ్ళ గుడిసెల దగ్గర ఒక శుక్రవారం తప్పకుండా జరపండి. మొదటిసారి మేం వెళ్ళినప్పుడు పీటలు లేక మిర్చి బస్తాలు బోర్లించి వాటిమీద పటాలు పెట్టారు. ఘాటుకు సగంమంది తుమ్ములు, కళ్ళ నీళ్ళు. అయినా ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు.

మైకు సౌండ్ ఆ వీధికి వినబడితే చాలు. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఈ రోజుల్లోనే ఉంటాయి. రోడ్డుమీద వెళ్ళేటట్టయితే పోలీస్ స్టేషన్లో ముందే చెప్పండి. మసీదు దారిలో వెళ్ళేటప్పుడు వాళ్ళ నమాజు వేళ చూసుకోండి. 2025, 2026 రెండేళ్ళూ రంజాన్ నెల, మన తపస్సు కాలం కొద్ది రోజుల తేడాతో మొదలయ్యాయి. వాళ్ళ ఇఫ్తార్ ముగిసేదాకా మేం ఆగాం, మా వరస వెళుతుంటే వాళ్ళు నీళ్ళు ఇచ్చారు.

ఫాదర్ గారికి పది ఊళ్ళు. మా ఊరికి శుక్రవారం రాలేరు. మేమే జరుపుకోవచ్చా?

జరుపుకోవచ్చు, జరుపుకోవాలి. ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి గారు ఉంటే సరే, లేకపోతే మరియ దళం అనే భక్త బృందం వాళ్ళో, చదవడం వచ్చిన ఇంటర్ పిల్లో నడిపించవచ్చు. పుస్తకం, సిలువ, నలుగురు మనుషులు ఉంటే చాలు.

పాప సంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు వెళితే ఫాదర్ గారు ఏమంటారో అని భయం.

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే, అదీ రాత్రి తొమ్మిది దాటాక. ఫాదర్ గారు తిట్టరు. అన్నేళ్ళ తర్వాత ఒకరు వచ్చారంటే ఏ గురువుకైనా అంతకన్నా సంతోషం లేదు. వెళ్ళి, సిలువ గుర్తు వేసుకుని, "ఫాదర్, ఇరవై ఏళ్ళయింది, ఎలా చెప్పాలో మర్చిపోయాను" అనండి. అక్కడినుంచి ఆయనే చేయిపట్టి నడిపిస్తారు. పశ్చాత్తాపంతో చెప్పే మనస్తాప జపం గుర్తులేకపోతే సొంత మాటల్లో చెప్పండి. గుర్తున్న పెద్ద తప్పులు దాచకుండా చెబితే చాలు, తేదీలు అడగరు.

మీరు చెప్పింది బయటికి పోతుందన్న అనుమానం వద్దు. ఆ రహస్యం ఎట్టి పరిస్థితుల్లోనూ గురువు బయటపెట్టకూడదు, పెడితే శ్రీసభ వేసే శిక్ష వెలివేత. అయినా తెలిసిన ఫాదర్ దగ్గర సిగ్గనిపిస్తే పవిత్ర వారానికి ముందు జరిగే తపస్సు కాల ధ్యానానికి రండి. పక్క విచారణల గురువులు నలుగురైదుగురు వచ్చి కూర్చుంటారు. మొహం తెలియని గురువు దగ్గరికి వెళ్ళండి.

ఈ రోజుల్లో పెళ్ళి పెట్టుకోవచ్చా?

పెద్ద శుక్రవారం, పవిత్ర శనివారం పెళ్ళిళ్ళు జరగవు. మిగతా రోజుల్లో చట్టప్రకారం నిషేధం లేదు గానీ, కాలానికి తగ్గట్టు నిరాడంబరంగా ఉండాలి. మన దగ్గర ఈస్టర్ తర్వాతే పెట్టుకోవడం ఆనవాయితీ, అదే మంచిది. గల్ఫ్ సెలవు మీద వచ్చిన అబ్బాయి తిరిగి వెళ్ళిపోవాల్సిన ఇబ్బంది ఉంటే ఫాదర్ గారితో మాట్లాడండి. బ్యాండ్, డీజే మాత్రం అడగకండి. ఎవరైనా చనిపోతే సమాధి చేయడానికి ఏ రోజూ అడ్డు కాదు. తపస్సు కాలపు ఆదివారాలు, మూడు పవిత్ర దినాల్లో మాత్రం మృతుల పూజ లేకుండా ప్రార్థనలతో సాగనంపి, పూజ తర్వాత పెట్టుకుంటారు.

మా కేరళ స్నేహితులకు సోమవారమే మొదలైంది. సి.ఎస్.ఐ. బంధువులు బుధవారం అంటున్నారు. ఏది సరైనది?

అన్నీ సరైనవే. కేరళవాళ్ళు సిరో మలబార్ సంప్రదాయం వాళ్ళయితే మనకంటే రెండు రోజుల ముందు, సోమవారం విభూదితో మొదలుపెడతారు. మనవైపు షంషాబాద్, ఆదిలాబాద్ మేత్రాసనాలు (బిషప్ గారి పరిధులు) ఆ సంప్రదాయానివే. వాళ్ళూ మనలాగే కేథలిక్కులు, ఆ పూజకు వెళ్ళవచ్చు. మెదక్ కెథడ్రల్ లాంటి సి.ఎస్.ఐ. సంఘాల్లోనూ ఈ కాలం పాటిస్తారు, వాళ్ళు భస్మ బుధవారం అంటారు.

కువైట్‌లో పనిచేస్తున్నాను. మెస్‌లో శుక్రవారం చికెనే పెడతారు. ఏం చేయాలి?

అన్నం, పప్పు ఉంటే అవి తినండి. అదొక్కటే ఉండి, వేరే దారి లేక, పనికి శక్తి కావాలంటే తినండి. దేవుడికి మీ పరిస్థితి తెలుసు. బదులుగా ఆ రోజు ఇంకేదైనా త్యాగం చేయండి. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు పూజకు ఆ రోజే గుడి నిండిపోతుంది. రూమ్‌లో మరో ఇద్దరు మనవాళ్ళు ఉంటే రాత్రి కలిసి సిలువ మార్గం చెప్పుకోండి. వీడియో కాల్‌లో ఇంటివాళ్ళను కలుపుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ గంట ఇక్కడ తల్లిదండ్రులకు ఎంత ధైర్యమో నేను చూశాను.

మ్రానికొమ్మల ఆదివారానికి మట్టలు ఎవరు తేవాలి?

యువకులు శనివారం మధ్యాహ్నం వెళ్ళి ఈత చెట్టు లేత మట్టలు కోసుకొస్తారు. చెట్టు మొవ్వు కోయవద్దు, చెట్టు చచ్చిపోతుంది. పక్క మట్టలు రెండు తీస్తే చాలు. సాయంత్రం ఆడవాళ్ళు, పిల్లలు గుడి వరండాలో కూర్చుని సిలువలు అల్లుతారు. ఈ పని బయట కొనకండి, ఊరంతా కూర్చుని మాట్లాడుకునేది ఆ ఒక్క సాయంత్రమే.

పెద్ద గురువారం ఫాదర్ గారు కాళ్ళు కడిగే పన్నెండు మందిలో ఆడవాళ్ళు ఉండవచ్చా?

ఉండవచ్చు. 2016లో ఫ్రాన్సిస్ పోపుగారి ఆదేశంతో పూజా క్రమంలోనే మార్చారు. దైవప్రజల్లో ఎవరినైనా ఎంచుకోవచ్చు. సలహా మండలి పెద్దలే ఏటా కుర్చీల్లో కూర్చోవడం మానాలని నేను చాలాసార్లు చెప్పాను. అన్ని పేటలనుంచి, అన్ని కులాలనుంచి, పాకీ పని చేసే తల్లి నుంచి కాలేజీ పిల్లాడి దాకా ఉండాలి. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటివారు ఆయన. ఆ రోజు మనమంతా టపాకాయలు కాల్చాం. మన గుడిలో కాళ్ళు కడిగే దగ్గర, సమాధుల దొడ్డి దగ్గర ఇంకా ఒక పేట వెనకే నిలబడుతుంటే ఆ సంతోషం సగమే.

పెద్ద శుక్రవారం పూజ ఎందుకు ఉండదు? వేషాలతో సిలువ మార్గం చేయవచ్చా?

ఆ రోజు ప్రపంచమంతటా పూజ ఉండదు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో యోహాను సువార్తలోని పాటుల చరిత్ర చదివి, సర్వ ప్రజల కోసం ప్రార్థించి, సిలువను ఆరాధించి, ముందురోజు ఉంచిన దివ్య సత్ప్రసాదం పంచుతారు. గురువారం రాత్రి గ్లోరియా అనే స్తుతి గీతం తర్వాత గంట మోగదు, పూజలో సాయపడే పీఠబాలలు చెక్క గిలక తిప్పుతారు.

వేషాలతో చేయవచ్చు, జాగ్రత్తలు తీసుకోండి. ఒక ఏడాది మేం ఉదయం పదకొండుకు మొదలుపెట్టాం. యేసుప్రభువు వేషం వేసిన అబ్బాయి ముందురోజు రాత్రినుంచి నీళ్ళు కూడా తాగలేదు, ఎవరం అడగలేదు. తొమ్మిదో స్థలం దగ్గర, మూడోసారి పడే చోట, పడి లేవలేదు. నటనే అనుకుని జనం ఏడుస్తూ నిలబడ్డారు. వాళ్ళ అమ్మ పరుగెత్తుకొచ్చి ముఖాన నీళ్ళు చల్లేదాకా ఎవరికీ అర్థం కాలేదు. దేవుడి దయవల్ల గంటలో కోలుకున్నాడు. అప్పటినుంచి ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తాం. వేషం వేసేవాళ్ళకు నీళ్ళు, నిమ్మరసం తప్పనిసరి. కొరడా పాత నవారుతో చేస్తాం, నిజం తాడు వాడం.

పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు శనివారం రాత్రి పూజ) అర్ధరాత్రి దాకా సాగుతుంది. చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. ఒక దుప్పటి తెచ్చుకోండి, పాత నిబంధన పఠనాలు ఏడు చదివేలోపు నిద్రపోతారు. కానీ మొదటి పావుగంట మాత్రం మెలకువగా ఉంచండి. ఊరి దీపాలన్నీ ఆర్పేసి గుడి ముందు మంట వేస్తారు. ఆ మంటతో, ఆ ఏటి అంకెలు చెక్కిన పాస్కా కొవ్వొత్తి వెలిగించి, చీకటి గుడిలోకి తీసుకెళతారు. దాన్నుంచి ఒకరి కొవ్వొత్తి, దాన్నుంచి పక్కవాళ్ళది. పిల్లల కొవ్వొత్తికి కింద పేపర్ కప్పు గుచ్చి ఇవ్వండి, మైనం చేతిమీద కారకుండా. ముందు నిలబడ్డ అక్కల జడలకు తగలకుండా చూసుకోండి. గ్లోరియా మొదలై రెండు రోజులుగా మూగబోయిన గంట మోగినప్పుడు నిద్రపోయిన పిల్లల్ని కూడా లేపండి, ఏడ్చినా పర్వాలేదు.